అడుగు లేని బుట్ట

రమణ పొద్దున్నే దేవుళ్ళ బొమ్మలూ శుభోదయాలూ పంపే రకం కాదు. వాడి నుంచి ఫోన్‌లో ఏదైనా వచ్చిందంటే విషయం ఉన్నట్టే. మొన్న ఒక పేజీ పంపాడు. మన దేశపు కోర్ఫ్‌బాల్ జట్టు అంతర్జాతీయ పోటీల్లో ఎప్పుడెప్పుడు ఆడింది, ఎన్నో స్థానంలో నిలిచింది అని ఎవరో పుణ్యాత్ములు ఓపిగ్గా వరసన పెట్టారు. మేం ఆడిన పోటీకి ఎదురుగా ఒకే ఒక్క అంకె ఉంది. అది అట్టడుగు స్థానం. మా పేర్లు లేవు. లేకపోవడమే మంచిదైంది, ఉంటే నా పేరు పక్కన ఆ పెనాల్టీ సంగతి కూడా రాసి ఉండేవాళ్ళేమో. "చూశావా సుగుణా, మన గొప్ప ఎక్కడిదాకా పాకిందో" అని కింద రాశాడు రమణ. రమణ వాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డవాళ్ళు. వాడూ నేనూ ఒకే జట్టులో ఆడాం. ఇప్పుడు వాడు అక్కడే ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాడు, నేను ఎల్బీ నగర్‌లో మా ఆయన సిమెంటు దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను.

ఆ పేజీ చూసిన మంట చల్లారకముందే నర్సింహ సార్ భార్య లలితమ్మ ఫోన్ చేసింది. నర్సింహ సార్ మా బడిలో డ్రిల్లు మాస్టారు. మాకు ఆ ఆట నేర్పిందీ, జట్టును దేశం దాటించిందీ ఆయనే. "సార్‌కు పానం మంచిగుంటలేదు బిడ్డా. నిన్నొకపారి చూడాలంటున్నడు. జర ఒచ్చిపో" అంది. వస్తానన్నాను. అన్నానే గానీ రెండు వారాలు కాళ్ళు కదల్లేదు. సార్ నన్ను చూస్తే మొదట ఏమడుగుతారో నాకు తెలుసు. ఎవరి పెళ్ళిలో కనిపించినా, ఏ బడి వార్షికోత్సవంలో మైకు చేతికిచ్చినా ఆయన అడిగేది అదే. "ఆ ఒక్క పెనాల్టీ ఏసుంటే మనం ఆఖర్న ఉండకపోదుము కదరా సుగుణా" అని నవ్వేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాలి. పెనాల్టీ సుగుణ అని నాకు పేరు పడిపోయింది, ఆ ఆట ఏమిటో తెలియని వాళ్ళు కూడా ఆ పేరుతోనే పిలిచారు.

ఏమిటా ఆట అని అడిగినవాళ్ళకల్లా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది గానీ, చెప్పకపోతే ముందుకు సాగదు. మైదానానికి రెండు వైపులా ఎత్తైన స్తంభం మీద అడుగు లేని బుట్ట ఒక్కొక్కటి ఉంటుంది. బంతి అందులోంచి కిందికి పడితే గోలు. కోర్ఫ్ అంటే ఆ ఆట పుట్టిన దేశపు భాషలో బుట్టేనట. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు, నేలకు కొట్టుకుంటూ పోకూడదు, నిలబడ్డచోటి నుంచి మనవాళ్ళకు అందించాలి. జట్టులో నలుగురు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు. రెండేసి గోల్స్ పడగానే ఇటు దాడి చేసేవాళ్ళు అటు కాపలాకు పోవాలి, కాపలా ఉన్నవాళ్ళు ఇటు రావాలి. అందుకని బుట్టలో వేయడం రాని మనిషికి ఆ జట్టులో చోటు లేదు. నాకు వచ్చు. గొప్పకు చెప్పడం లేదు. గడ్డిఅన్నారంలో మా బుట్టలో కళ్ళు మూసుకుని వేసేదాన్ని.

మా ఇల్లు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక వీధిలో. బాపుకు, అంటే మా నాన్నకు, మార్కెట్‌లో కమీషన్ దుకాణం. అంతకుముందు మావాళ్ళది సేద్యమే, పొలాలు ప్లాట్లయ్యాక పండ్ల మీదికి మళ్ళారు. ఎండాకాలం ఇంట్లో ఏ గదిలోకి పోయినా మామిడిపండు వాసన, పరుపుల్లో కూడా. చలికాలం బత్తాయి తొక్కల వాసన. తడిసిన వరిగడ్డి వాసన మాత్రం ఏడాది పొడుగునా ఉండేది, ఎందుకంటే ఖాళీ గంపలన్నీ మా వాకిట్లోనే పేర్చేవాళ్ళు. బాపు తెల్లవారకముందే చాయ్ తాగి తలకు తువ్వాల చుట్టుకుని పోయేవాడు, వేలం ముగిశాక గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేవాడు. పొద్దుగూకేదాకా సైగలతోనే మాట్లాడేవాడు. ఆ సైగలను మా అమ్మకంటే నాయనమ్మే బాగా చదివేది. పచ్చిపులుసు కావాలన్నా, వీపు నొప్పన్నా ఆమెకు వెంటనే తెలిసిపోయేది.

ఇంటి తాళాలన్నీ నాయనమ్మ నడుముకే. ఆమె సంగతి చెప్పకపోతే ఈ కథే లేదు. మంచి వస్తువన్నది ఏది ఇంట్లోకొచ్చినా ఆమె చేతికి పోవాలి, ఆమె చేతి నుంచి సందూక పెట్టెలోకి పోవాలి, దాని మీద కలరా ఉండలు పడాలి. పూల గాజు గ్లాసులు ఒక డజను ఉండేవి, వాటిలో ఎవరూ నీళ్ళు తాగగా నేను చూడలేదు. మేం స్టీలు లోటాల్లో తాగేవాళ్ళం. బాపు ఒకసారి బేగంబజార్ నుంచి మంచి గొడుగు తెచ్చాడు. మరుసటి వారమే జోరుగా వాన పడుతుంటే నేను బడికి పోతూ అది అడిగాను. "కొత్త గొడుగు వానకు తడిపిస్తవా పొల్లా? ఖరాబైతది" అని నా నెత్తి మీద గోనెసంచి కప్పి పంపింది. ఈ మాట చెబితే ఇప్పుడు అందరూ నవ్వుతారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అది మాకు మామూలే, మా వీధిలో ఎవరింట్లోనైనా అంతే. ఖరాబైతది అన్న మాట వింటూ పెరిగాం.

ఒక సాయంత్రం నర్సింహ సార్ సైకిల్ మీద మా ఇంటికొచ్చారు. "పటేలా, రెండు మామిడి గంపలు కావాలె" అన్నారు. బాపు గొంతు పోయి ఉంది, ఎందుకని చేత్తో అడిగాడు. సార్ ఆట గురించి చెప్పి, గంపల అడుగులు కోసేసి స్తంభాలకు కడతామన్నారు. పనిలో పనిగా నన్ను కూడా అడిగారు. నాయనమ్మ అరుగు మీద నుంచి లేచి నిలబడింది. "మొగపోరగాండ్లతోటి కలిసి ఎగురుతదా మా పొల్ల?" అంది. సార్ ఆమెకు దండం పెట్టి, "అమ్మా, గిదొక్క ఆటలనే భయం లేదు. మొగోడు మొగోన్నే ఆపాలె, ఆడపిల్ల ఆడపిల్లనే ఆపాలె. మొగపిల్లగాడు ఆడపిల్లకు అడ్డమొస్తే సీటీ కొడ్తరు. రూలే గట్లున్నది" అన్నారు. నాయనమ్మ నమ్మలేదు. మరునాడు తానే మైదానానికి వచ్చి, తమలపాకుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రమణ పొరపాటున నా ముందుకు రాగానే సార్ కంటే ముందు ఆమె అరిచింది. నాలుగు రోజులు అలా కాపలా కాసి, చివరికి రూలు గట్టిదే అని ఒప్పుకుంది.

అలా మా గంపలతోనే మా ఆట నడిచింది. వెదురు గంప కదా, అంచు మెత్తగా ఉండేది. బంతి అంచుకు తగిలితే గంప కాస్త వంగి, లోపలికే జార్చేది. పైగా కాయల గంప మూతి వెడల్పు. మేం అదే బుట్ట అనుకున్నాం, ప్రపంచమంతా అదే బుట్ట అనుకున్నాం. రమణ ఒక్కడే ఒకసారి అడిగాడు. "సార్, అక్కడి బుట్ట ఎలా ఉంటుందండీ?" సార్ విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, "బుట్ట బుట్ట లెక్కనే ఉంటదిరా, ఆడు" అన్నారు. మేం ఆడాం. బాగా ఆడాం కూడా. రాష్ట్రాల పోటీల్లో కూడా ఎవరి ఊళ్ళో ఆడితే వాళ్ళ గంపలే, వాళ్ళ తట్టలే. అక్కడ మేం గెలిచాం, దేశం జట్టులోకి ఎంపికయ్యాం. మా వీధిలో నుంచి విమానం ఎక్కబోతున్న మొదటి మనిషిని నేనే.

బాపు ఆ సంతోషంలో దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయి నాకు తెల్ల క్యాన్వాస్ బూట్లు కొనిచ్చాడు. అప్పటిదాకా వట్టి కాళ్ళతోనే ఆడేదాన్ని. ఇంటికి రాగానే నాయనమ్మ చెయ్యి చాచింది. "గీ మట్టిల ఏసుకుంటవా? ఖరాబైతయి. ఆడికి పోయినంక ఏసుకుందువు తియ్" అంది. బూట్లు సందూకలోకి పోయాయి. నేను గొడవ చేయలేదు, అది న్యాయంగానే తోచింది. పోయే ముందు రోజు బాపు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, మిగిలిన కాస్త గొంతుతో అన్నాడు. "ఒక్క మ్యాచన్న గెలిచి రా బిడ్డా. గెలిచొస్తే ముసల్దానికి నేను చెప్త, ఇంకిన్ని ఏండ్లు ఆడుకో. డ్రిల్లు టీచర్ ట్రైనింగుకు గూడ పంపుత. ఉత్తగనే ఒస్తె మాత్రం నా మాట నడువది." అంతే ఒప్పందం. ఒక్క మ్యాచ్. నాకు అది చాలా సులువుగా కనిపించింది.

ఆ పరాయి దేశంలో మెరిసే చెక్క నేల మీద నిలబడి తల ఎత్తి చూస్తే, స్తంభం మీద పసుపుపచ్చ ప్లాస్టిక్ బుట్ట. గట్టిది. మూతి ఇరుకు. బంతి అంచుకు తగిలితే టప్పుమని ఎగిరి అవతల పడేది. మొదటి మ్యాచ్‌లో మేం వేసిందల్లా ఎగిరిపోయింది. "ఈ బుట్టేంటి సుగుణా, రాయిలా ఉంది! మన బుట్టలో అయితే ఇవన్నీ పడేవేగా" అని రమణ ఏడుపు గొంతుతో అన్నాడు. బూట్లు కరిచాయి. రెండో రోజుకల్లా మడమలు రెండూ పచ్చి పుండ్లు. బూట్లు విప్పితే కలరా ఉండల వాసన, ఆ వాసనలో నెత్తురు. ఈ ఆటలో ఆరితేరిన తైవాన్ వాళ్ళు మా మీద ఎన్ని గోల్స్ వేశారో లెక్క పెట్టడం మానేశాం. మాలాగే కొత్తగా నేర్చుకున్న ఒక చిన్న జట్టుతో ఆఖరి మ్యాచ్. అదొక్కటే మేం గెలవగలిగింది. గోల్స్ సమానంగా ఉన్నప్పుడు చివర్లో మాకు పెనాల్టీ దొరికింది, సార్ నన్ను వేయమన్నారు. ఎవరూ అడ్డం ఉండరు, బుట్ట ఎదురుగానే ఉంటుంది. గడ్డిఅన్నారంలో వేసినట్టే వేశాను. బంతి అంచు మీద పడింది. మా గంప అయితే వంగేది. అది వంగలేదు. ఆ తర్వాతి నిమిషంలో వాళ్ళు గోల్ వేసి గెలిచారు.

ఇంటికొచ్చాక బాపు ఏమీ అనలేదు. ఆయన గొంతు ఆ రోజు బాగానే ఉంది, అయినా అనలేదు. నాయనమ్మ నా మడమలకు పసుపు రాసి, "ఆడినంత ఆడినవ్, ఇగ సాలు" అంది. బూట్లను సబ్బుతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ సందూకలోనే పెట్టింది. ఆమె పోయాక సందూక తెరిస్తే పైన తెల్లగానే ఉన్నాయి, చేత్తో పట్టుకుంటే అడుగులు పొడిపొడిగా రాలిపోయాయి. ట్రైనింగ్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాకు ఇరవయ్యేళ్ళు నిండకముందే ఆట అయిపోయింది. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. కాలం అన్నీ మాన్పుతుందని చెప్పేవాళ్ళను నేను పెద్దగా నమ్మను. ఆ కోపాన్ని ఇన్నేళ్ళూ నా చేతుల మీదే చూపించుకున్నాను. బంతి వదిలేటప్పుడు మణికట్టు తిప్పానా, తొందరపడ్డానా అని కౌంటర్ దగ్గర కూర్చుని కూడా గాల్లో చెయ్యెత్తి చూసుకున్న రోజులున్నాయి. సిమెంటు కొనడానికి వచ్చినవాళ్ళు నన్నేమనుకున్నారో తెలియదు.

చివరికి ఒక ఆదివారం బయల్దేరాను. చంపాపేట్‌లో సార్ ఇంటికి ఇదివరకు గేటు దాకానే వచ్చాను, లోపలికి ఎన్నడూ పోలేదు. ఇల్లు మారలేదు గానీ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, మధ్యలో అది పొట్టిగా మిగిలింది. సార్ నిద్రపోతున్నారని లలితమ్మ నన్ను మిద్దె మీదికి తీసుకుపోయింది. అక్కడ ఆమె చెట్లు. టమాటా, గోంగూర, మందార, పెద్ద కుండీలో ఏపుగా పెరిగిన కరివేపాకు. కరివేపాకు మొదలు చుట్టూ, కోతులు విరవకుండా కంచెలాగా, ఒక ప్లాస్టిక్ బుట్ట తొడిగి ఉంది. ఎండకు రంగు వెలిసింది. ఒక పక్క పగులిచ్చింది. అయినా నాకు తెలియకపోవడమేమిటి? ఆ బుట్టను నేను కలలో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. అడుగు లేని బుట్ట కాబట్టి చెట్టు అందులోంచి హాయిగా పైకి పెరిగి కొమ్మలేసింది.

"ఇదెక్కడిదమ్మా?" అన్నాను. 

"గీ బుట్టా? మీ ఆటదే కదనే. మీరు ఇమానం ఎక్కకముందే, శాన దినాల ముందే, బయటి దేశం కెళ్ళి పార్సిల్ ఒచ్చింది. పోరగాండ్లు దీంతోటి నేర్చుకోవాలని అక్కడోల్లు పంపిండ్రట. నేనే కత్తెరతోటి ఇప్పిన. ఎట్ల మెరుస్తుండెనో! సార్ షోకేస్‌ల పెట్టిండు. ఒచ్చినోల్లకు, పోయినోల్లకు సూపెట్టేటోడు. రెండేండ్ల కింద ఇల్లు సున్నాలేసినప్పుడు షోకేస్ తీసేసినం, నేను దీన్ని మీదికి తెచ్చి చెట్టుకు పెట్టిన." అని, కరివేపాకు రెండు రెమ్మలు తుంపి నా చేతిలో పెడుతూ గొంతు తగ్గించింది. "సార్‌కు చెప్పకు బిడ్డా. లోపల బీరువాల పెట్టిన్నని చెప్పిన. ఆయనకు గిది పానం."

నేను పగులు మీద వేలు పెట్టి చూశాను. అంచు ఇంకా గట్టిగానే ఉంది. మేం మైదానంలో మామిడి గంపల్లోకి బంతులు వేసుకుంటూ అదే ప్రపంచమనుకున్న సాయంత్రాలన్నీ ఇది ఈ ఇంట్లో, అద్దం వెనక, వెండి కప్పుల పక్కన కూర్చుని ఉంది. పట్టుమని పది రోజులు దీంతో వేసి ఉంటే నా చెయ్యి దారికొచ్చేది. నాకా సంగతి ఎంత ఖాయంగా తెలుసంటే, అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఏడవలేదు. మెట్లు దిగాను.

సార్ లేచి, దిండుకు ఆనుకుని ఉన్నారు. బక్కచిక్కిన ముఖంలో నవ్వు మాత్రం పాతదే. నా చెయ్యి పట్టుకున్నారు. ఇప్పటి పిల్లల గురించి మాట్లాడారు. వాళ్ళకు ఇండోర్ కోర్టులున్నాయి, రెండు వైపులా అసలు బుట్టలే ఉన్నాయి, అయినా తైవాన్ వాళ్ళను అందుకోలేకపోతున్నారని నిట్టూర్చారు. మా మార్కెట్ ఊరి బయటికి పోయిందని, ఆ జాగాలో దవాఖాన లేస్తోందని నేను చెప్పాను. ఇప్పుడు కాయలు కూడా ప్లాస్టిక్ ట్రేలలోనే వస్తున్నాయి, వెదురు గంప వెతికినా దొరకదని అన్నాను. ఇక ఆయన అడగనే అడిగారు. "అన్ని మంచిగనే చేసినవ్ గదా సుగుణా. ఆ పెనాల్టీ ఎట్ల పోయిందిరా?"

"బుట్ట కొత్తది సార్" అన్నాను. "దానితో ఒక్కనాడన్న ఆడనిచ్చి ఉంటే పోయేది కాదు. పార్సిల్ ఒచ్చిందట గదా. మాకెందుకియ్యలే?"

ఆయన ఏమాత్రం తడబడలేదు. అందులో దాచాల్సింది ఏదీ ఆయనకు కనిపించలేదు. "ఒక్కటే పంపిండ్రు బిడ్డా. ఒక దిక్కు గిది, ఒక దిక్కు గంప కట్టి ఎట్ల ఆడిపిస్త? మీరేమో చిన్నపోరలు. బంతితోటి దబదబ కొడ్తుంటిరి. గసొంటి మాల్ మల్ల దొరుకుతదా? ఖరాబైతదని తీసి పెట్టిన" అన్నారు. ఆయన గొంతులో నాకు నాయనమ్మ వినిపించింది. ఆమె మీద రాని కోపం ఆయన మీద ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆమె నా మడమలకు పసుపు రాసింది. ఈయన ఇన్నేళ్ళూ మైకు పట్టుకుని నవ్వారు.

"ఇప్పటికి గూడ ఒక్క గీత పడలే" అన్నారు సార్, మురిపెంగా. "బీరువాల ఉన్నది. లలితా, తీసి సూపియ్యి సుగుణకు."

లలితమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు. ఆమె ఇచ్చిన కరివేపాకు రెమ్మలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. చెప్పకుండా వచ్చేయవచ్చు. పెద్దమనిషి, మంచాన పడ్డాడు, ఎన్నాళ్ళుంటాడో తెలియదు. ఇలాంటప్పుడు ఎవరైనా అదే చేస్తారు. నేను చేయలేదు, చేయనందుకు ఇవాళ్టికీ నాకు బాధ లేదు.

"బీరువాల లేదు సార్. మిద్దె మీద కరివేపాకు చెట్టుకు తొడిగి ఉన్నది. ఎండకు ఎలిసింది" అన్నాను.

సార్ చెయ్యి నా చేతి మీద నుంచి జారింది. గోడకేసి చూశారు, షోకేస్ తీసేసిన చోట సున్నం ఇంకా తెల్లగా ఉంది. తిరిగి నా వైపు చూసినప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. మేం ఓడిపోయి వచ్చిన రోజు ఆ కళ్ళల్లో నేను నీళ్ళు చూడలేదు.

"ఖరాబైందా?" అన్నారు.

"అయింది సార్" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెనాల్టీ సంగతి మళ్ళీ అడగలేదు.